టొలెడోలో ఒక శనివారం: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదువుతున్న నేను ఒక సెమిస్టర్ కోసం మాడ్రిడ్ వచ్చాను. మా బృందంలో మొత్తం 14 మందిమి ఉన్నాం. వచ్చే నెల ఒక శనివారం చారిత్రక ప్రదేశాలు చూసి రాత్రికి తిరిగి రావాలని అనుకుంటున్నాం. పొద్దున సెగోవియా, మధ్యాహ్నం టొలెడో చూపించే బస్సు ప్యాకేజీ తీసుకుందామని సగం మంది అంటుంటే, ఒక్క ఊరే చూద్దామని మిగిలినవాళ్లు అంటున్నారు. మేడమ్ గారూ, ఏది మేలంటారు?
(ఒక విద్యార్థిని, మాడ్రిడ్)

జవాబు: ఒక్క ఊరే చూడండి. అది టొలెడో అయితే మరీ మంచిది. సెగోవియా మాడ్రిడ్‌కు వాయవ్యాన దాదాపు 90 కిలోమీటర్ల దూరంలో ఉంది. టొలెడో దక్షిణాన దాదాపు 70 కిలోమీటర్ల దూరంలో ఉంది. రెండింటినీ ఒకే రోజుకు ముడిపెడితే పగటిలో మంచి భాగం బస్సు కిటికీ పక్కనే గడిచిపోతుంది. నేను మాడ్రిడ్‌లో చదువుకునే రోజుల్లో మొదటిసారి అలాంటి ప్యాకేజీలోనే వెళ్లాను. టొలెడోకు వాళ్లు కేటాయించినవి రెండు గంటలు, అందులో ముప్పావు గంట కత్తుల దుకాణంలోనే గడిచింది. ఇంత దూరం వచ్చి ఏమీ చూడకుండా వెళ్తున్నానన్న బాధతో, కొన్ని వారాల తరువాత ఒంటరిగా రైలెక్కి మళ్లీ వెళ్లాను. ఆ రెండో రోజు చూసిన ఊరి గురించే మీకు చెబుతున్నాను.

సెగోవియాకు మరో శనివారం కేటాయించండి. సున్నం, సిమెంటు ఏదీ లేకుండా గ్రానైట్ రాళ్లను ఒకదానిపై ఒకటి పేర్చి రోమన్లు కట్టిన నీటి కాలువ వంతెన అక్కడ ఉంది. ఎక్కువ ఎత్తున్న చోట అది 28 మీటర్లకు పైగా ఉంటుంది. సివిల్ ఇంజినీరింగ్ వాళ్లు మీలో ఉంటే వాళ్లను అక్కడి నుంచి కదిలించడం కష్టమే.

టొలెడోకు అటోచా స్టేషన్ నుంచి వేగంగా వెళ్లే రైలు అరగంటకు కాస్త పైన పడుతుంది. శనివారాల్లో సీట్లు త్వరగా నిండిపోతాయి కాబట్టి 14 మందికీ రానుపోను టిక్కెట్లు ముందే తీసుకోండి. దిగగానే హడావిడిగా బయటకు వచ్చేయకుండా స్టేషన్‌ను కూడా ఒకసారి చూడండి. ఇటుక కమానులతో, రంగుల పలకలతో, మధ్యయుగపు ముస్లిం శిల్పుల శైలిని తలపించేలా 1919లో కట్టిన భవనం అది. అక్కడి నుంచి అల్కాంతరా వంతెన దాటి పైకి ఎక్కితే ఊరి నడిబొడ్డున ఉన్న సోకోదొవేర్ కూడలికి చేరుకుంటారు. పశువుల సంత అనే అర్థం గల అరబ్బీ మాట నుంచి ఆ కూడలికి పేరు వచ్చింది. మన అంగడిపేటల్లాగే, సంత పోయినా పేరు మిగిలింది. తాహో నది మూడు వైపులా చుట్టి ప్రవహించే కొండ మీది ఊరు కావడం వల్ల వీధులన్నీ ఎగుడుదిగుడు రాళ్ల బాటలే కాబట్టి, ఎవరూ కొత్త చెప్పులు వేసుకుని బయలుదేరవద్దు.

పొద్దున్నే, జనం పెరగకముందే, ఒక చిన్న మసీదు చూడండి. తరువాతి కాలంలో చర్చిగా మారిన దాన్ని ఇప్పుడు క్రిస్తో దె లా లూస్ అని పిలుస్తున్నారు. క్రీస్తుశకం 999లో కట్టినట్లు ముందు గోడపై ఇటుకలతోనే పేర్చిన అరబ్బీ శాసనం చెబుతోంది. లోపల సుమారు ఎనిమిది మీటర్ల చదరం, నాలుగు స్తంభాలు, పైన తొమ్మిది చిన్న గుమ్మటాలు ఉన్నాయి, అంతే. తల ఎత్తి ఒక్కొక్క గుమ్మటాన్నీ నెమ్మదిగా చూడండి: లోపలి కమాను పట్టీల అల్లిక ఏ రెండింటిలోనూ ఒకేలా ఉండదు. ఆ స్తంభాల తలల్ని అంతకు ముందు ఆ ఊరిని ఏలిన విసిగోతుల కట్టడాల నుంచి తెచ్చి వాడుకున్నారు. 1085లో కాస్టిల్ అనే క్రైస్తవ రాజ్యపు రాజు ఆరవ అల్ఫోన్సో ఈ నగరాన్ని తీసుకున్నాక దీన్ని కూల్చలేదు. తరువాతి శతాబ్దంలో వెనుక ఒక అర్ధవృత్తపు గర్భగుడిని చేర్చి చర్చిగా వాడుకున్నారు. ఆ చేర్చిన భాగాన్ని కూడా ముస్లిం పనివాళ్ల ఇటుక శైలిలోనే కట్టడం వల్ల అతుకు ఎక్కడుందో వెతికితే గాని కనిపించదు.

తరువాత కథీడ్రల్‌కు వెళ్లండి. 1226లో మొదలైన ఆ నిర్మాణం 1493లో పూర్తయింది. దానికి గంటన్నర కేటాయించి, ప్రధాన పీఠం వెనుక పైకప్పుకు రంధ్రం చేసి వెలుతురు పడేలా 1732లో పూర్తిచేసిన పాలరాతి పనిని తప్పకుండా చూడండి.

అక్కడి నుంచి పడమటి దిక్కుగా నడిస్తే సాంతో తోమే చర్చి వస్తుంది. క్రీట్ ద్వీపంలో పుట్టి, 1577లో టొలెడోకు వచ్చి, 1614లో అక్కడే కన్నుమూసిన చిత్రకారుడు ఎల్ గ్రెకో వేసిన 'ఆర్గాస్ ప్రభువు ఖననం' అనే చిత్రం అందులో ఉంది. దాదాపు 4.8 మీటర్ల ఎత్తున్న ఆ చిత్రంలో కింద భూమి మీద అంత్యక్రియలు, పైన తెరుచుకున్న స్వర్గం కనిపిస్తాయి. అందరూ పైకి చూస్తూ నిలబడిపోతారు. మీరు ఎడమవైపు కింద ఉన్న పిల్లవాడిని చూడండి. నల్లని దుస్తుల్లో, చేతిలో దివిటీతో, మరో చేతి వేలితో శవం వైపు చూపిస్తున్న ఆ బాలుడు చిత్రకారుడి కొడుకు. అతని జేబులోంచి తొంగిచూస్తున్న చేతిరుమాలు మీద చిత్రకారుడు 1578 అని రాశాడు. అది ఆ పిల్లవాడు పుట్టిన సంవత్సరం. చోటు చిన్నది కాబట్టి 14 మంది ఒకేసారి ముందుకు తోసుకోకుండా, ఏడుగురు చొప్పున రెండు విడతలుగా వెళ్లి చూస్తే అందరికీ ఆ రుమాలు కనిపిస్తుంది.

ఆ చుట్టుపక్కలదే పాత యూదుల వాడ. 12వ శతాబ్దం చివరలో కట్టిన సాంతా మరియా లా బ్లాంకా యూదుల ప్రార్థనా మందిరమే అయినా, తెల్లని గుర్రపు లాడం కమానుల వరుసలను చూస్తే మసీదులో నిలబడినట్లుంటుంది, పేరేమో చర్చిది. దానికి దగ్గరలోనే ఉన్న ఎల్ త్రాన్సితో మందిరాన్ని కాస్టిల్ రాజు పెద్రో కోశాధికారి సామ్యూల్ హలేవీ 14వ శతాబ్దం మధ్యలో కట్టించాడు. గోడల పైభాగంలో గచ్చు మీద చెక్కిన హీబ్రూ అక్షరాల పక్కనే అరబ్బీ అక్షరాలు కూడా కనిపిస్తాయి. ఆ కోశాధికారిని అదే రాజు చెరలో వేయించగా అతను అక్కడే చనిపోయాడు. 1492లో క్రైస్తవంలోకి మారని యూదులందరినీ దేశం నుంచి వెళ్లగొట్టారు. ఈ ఊరిని 'మూడు మతాలు కలిసి మెలిసి బతికిన నగరం' అని కరపత్రాలు రాస్తాయి. కలిసి బతికిన కాలాలు నిజమే, వెళ్లగొట్టిన కాలం కూడా అంతే నిజం. చివరగా సాన్ హువాన్ దె లోస్ రేయెస్ మఠం బయటి గోడకు వేలాడుతున్న ఇనుప సంకెళ్లను చూసి, సాన్ మార్తిన్ వంతెన మీద సాయంత్రపు ఎండలో కాసేపు కూర్చోండి.

ఎల్ త్రాన్సితోలోని మ్యూజియంకు శనివారం మధ్యాహ్నం రెండు దాటాక ప్రవేశం ఉచితం. ఆ మసీదు, సాంతో తోమే, సాంతా మరియా లా బ్లాంకా, మఠం సహా ఏడు చోట్లకు చెల్లే ఒకే టిక్కెట్టును చేతికి పట్టీలా కడతారు. విడివిడిగా కొనడం కంటే అది చవక. కథీడ్రల్‌కు మాత్రం వేరే టిక్కెట్టు తీసుకోవాలి.

ప్రశ్న: మా అమ్మాయి కూడా ఇలాంటి బృందంతోనే టొలెడో వెళ్తోంది. తను గుడ్డు కూడా తినదు. ఆ ఊళ్లో ఏం తింటుందో, పాస్‌పోర్టు ఎక్కడైనా పారేసుకుంటుందేమో అని నాకు బెంగగా ఉంది.
(ఒక తల్లి, కాకినాడ)

జవాబు: బెంగ పడకండమ్మా, కొంచెం ముందుచూపు ఉంటే చాలు. స్పెయిన్‌లో 'మాంసం లేదు' అని చెప్పినా పంది మాంసపు ముక్కలో, చేపో వేసి తెచ్చే హోటళ్లు ఉన్నాయి; అందుకే 'సిన్ కార్నె, సిన్ హమోన్, సిన్ పెస్కాదో, సిన్ ఉఎవో' అని నాలుగూ విడివిడిగా చెప్పమనండి. మాంసం, పంది మాంసం, చేప, గుడ్డు వద్దని దాని అర్థం. తొర్తియ్యా అంటే అక్కడ రొట్టె కాదు, గుడ్లతో వేసిన బంగాళదుంప అట్టు. పిస్తో అనే వంటకం టమాటా, వంకాయ, క్యాప్సికంలతో మన ఇగురు కూరలా ఉంటుంది, కాని దాని మీద వేపుడు గుడ్డు పెట్టి ఇవ్వడం అలవాటు కాబట్టి అది వద్దని ముందే చెప్పాలి. మధ్యాహ్న భోజనం రెండింటికి ముందు దొరకడం కష్టం. పొద్దున బయలుదేరేటప్పుడు పులిహోర డబ్బా ఒకటి సంచిలో పెట్టుకుంటే అన్నిటికన్నా నిశ్చింత. పాస్‌పోర్టును గాని, నివాస కార్డును గాని లోపలి జేబులో పెట్టుకుని, దాని ఫొటో ఒకటి మీకు పంపమనండి. అత్యవసరమైతే ఫోన్ చేయవలసిన నంబరు 112.

ప్రశ్న: మన అంకెలు టొలెడో నుంచే యూరప్‌కు వెళ్లాయని ఎక్కడో చదివాను. స్పెయిన్ వెళ్తున్న నా పూర్వ విద్యార్థులకు ఈ విషయం చెప్పవచ్చునా?
(ఒక గణిత ఉపాధ్యాయుడు, వరంగల్)

జవాబు: చెప్పండి మాస్టారూ, కాని 'టొలెడో నుంచే' అన్న మాటను కొంచెం సవరించి చెప్పండి. యూరప్‌లో లాటిన్ రాతప్రతుల్లో మన అంకెలు కనిపించే అత్యంత పాత ప్రతి టొలెడోది కాదు. ఉత్తర స్పెయిన్‌లోని అల్బేల్దా మఠంలో 976లో పూర్తయిన గ్రంథం అది. సున్నా లేకుండా తొమ్మిది అంకెలనూ రాసి, లెక్కల్లో భారతీయుల బుద్ధి ఎంతో సూక్ష్మమైనదని పొగిడిన ఆ ప్రతి ఇప్పుడు మాడ్రిడ్‌కు సమీపంలోని ఎస్కోరియల్ మఠం గ్రంథాలయంలో ఉంది. ఉత్తర ఆఫ్రికాలో లెక్కలు నేర్చుకున్న పీసా నగరవాసి ఫిబొనాచీ 1202లో రాసిన పుస్తకం కూడా ఈ అంకెల వ్యాప్తికి పెద్ద కారణం.

టొలెడో చేసిన మేలు వేరు. బ్రహ్మగుప్తుడు 628లో రాసిన ఖగోళ సిద్ధాంత గ్రంథం 8వ శతాబ్దంలో బాగ్దాద్ చేరి, అరబ్బీలో 'సింద్‌హింద్' అన్న పేరుతో ఖగోళ గణనలకు ఆధారమయింది. ఆ సంప్రదాయంలో బాగ్దాద్ గణిత పండితుడు అల్ ఖ్వారిజ్మీ తయారుచేసిన గ్రహగతుల పట్టికలను మాడ్రిడ్‌లో పుట్టిన మస్లమా అనే పండితుడు దక్షిణ స్పెయిన్‌లోని కార్డోబా నగరానికి సరిపోయేలా సవరించాడు. ఆ తరువాత టొలెడో ఖాజీ సాయిద్ అల్ అందలుసీ, 1068లో జాతుల గురించి రాసిన గ్రంథంలో, శాస్త్రాలను సాధించిన జాతుల వరుసలో మొదటి స్థానం భారతీయులకు ఇచ్చాడు. మన దేశాన్ని ఎన్నడూ చూడని న్యాయాధికారి, ఇంత దూరాన కూర్చుని ఆ మాట రాశాడని తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు నిండిపోతుంది. 12వ శతాబ్దంలో ఇటలీ నుంచి గెరార్డ్ అనే పండితుడు ప్రాచీన గ్రీకు శాస్త్రవేత్త టాలెమీ ఖగోళ గ్రంథాన్ని వెతుక్కుంటూ టొలెడో వచ్చి, అరబ్బీ నేర్చుకుని, 70కి పైగా గ్రంథాలను లాటిన్‌లోకి అనువదించి, 1187లో మరణించాడు.

మీ పిల్లలకు ఒక్క మాట ఆధారంగా ఈ దారి మొత్తం చూపించవచ్చు. వింటినారి అనే అర్థం గల మన గణితపు మాట 'జ్యా'కు మరో రూపమైన 'జీవా'ను అరబ్బులు 'జీబా' అని రాసుకున్నారు. అచ్చులు రాయని ఆ లిపిలో దాన్ని 'జైబ్' అని చదవడానికి వీలుంది. జైబ్ అంటే వస్త్రపు మడత, రొమ్ము దగ్గరి చోటు. లాటిన్ అనువాదకులు అదే అర్థం గల 'సైనస్' అన్న మాట పెట్టారు, అదే నేటి త్రికోణమితిలో సైన్ అయింది. ఆ అరబ్బీ జైబే ఫారసీ, ఉర్దూల మీదుగా మనకు వచ్చి 'జేబు' అయింది.

ప్రశ్న: టొలెడో కత్తి ఒకటి జ్ఞాపకంగా కొనుక్కు రమ్మని నాన్నగారు అడుగుతున్నారు. కొనవచ్చునా?
(ఒక విద్యార్థి, మాడ్రిడ్)

జవాబు: విమానంలో చేతి సంచిలో అలాంటి కత్తిని రానివ్వరు. దాని బదులు నల్లబరిచిన ఉక్కు మీద బంగారు తీగ పొదిగిన చిన్న పళ్లెమో, పతకమో తీసుకెళ్లండి. చూపుకు మన బిదరీ పనిని గుర్తుచేసే ఆ కళను అక్కడ దమస్కినాదో అంటారు. చేతిపనిది కావాలంటే, కళాకారుడు అక్కడే కూర్చుని పని చేస్తున్న దుకాణానికి వెళ్లండి. గీతలు గీసిన ఉక్కు మీద వెంట్రుకంత తీగను పరిచి, చిన్న సుత్తితో తట్టి కూర్చడం మీ కళ్లెదుటే కనిపిస్తుంది. యంత్రంతో ముద్రించిన వస్తువు ధర చాలా తక్కువగా ఉంటుంది, నమూనా ఒక్క చోట కూడా తేడా లేకుండా ఉంటుంది. చేతిపనిలో తీగ మొదలైన చోటు, ముగిసిన చోటు వెతికితే దొరుకుతాయి.