ధర సగానికి పడితే షేరు చవకైనట్టేనా? ఓలా, ఏథర్ లెక్కలు పక్కపక్కన పెడితే

2025 చివర్లో మీరడిగింది ఇది: "స్కూటర్ల కంపెనీ ఓలా ఎలక్ట్రిక్ షేరు ఐపీఓలో (జనానికి తొలిసారి షేర్లు అమ్మినప్పుడు) 76 రూపాయలకిచ్చారు. ఇప్పుడు దాదాపు సగానికి దొరుకుతోంది. అమ్మకాలు వేల కోట్లలో ఉన్న కంపెనీ ఇంత చవకగా వస్తుంటే కొని పెట్టుకోవచ్చా?"

ధర తగ్గిన మాట నిజమేనండీ, చవకైందన్నది మాత్రం తేలాల్సిన విషయం. అది తేల్చడానికి ఒక్క భాగహారం చాలు. నేను షేర్ల సలహాదారుణ్ణి కాను. హైదరాబాదులో ఒక టూవీలర్ డీలర్‌షిప్‌లో చాలా ఏళ్లుగా లెక్కలు చూస్తున్నాను. మొదట్లో అన్నీ పెట్రోలు బళ్లే, ఈమధ్య ఎలక్ట్రిక్‌వి కూడా. కాబట్టి కంపెనీల ఫలితాలు వచ్చినప్పుడు నా కన్ను ముందు బళ్ల సంఖ్య మీదికి, వారంటీ ఖర్చు మీదికి పోతుంది.

ఓలాకు సుమారు 441 కోట్ల షేర్లున్నాయి. 2024 ఆగస్టులో 76 చొప్పున ఇచ్చినప్పుడు కంపెనీ మొత్తం విలువ 33,500 కోట్ల రూపాయలైంది. అప్పటికి ముగిసిన 2023-24లో ఆదాయం 5,010 కోట్లు. అంటే ఏడాది అమ్మకాలకు 6.7 రెట్లు. లిస్టయిన రెండు వారాల్లోపే షేరు 157 తాకింది. ఆ లెక్కన విలువ 69 వేల కోట్లు, దాదాపు 14 రెట్లు. అదే నెలలో హీరో మోటోకార్ప్ విలువ లక్ష కోట్లకు కాస్త అటూ ఇటూగా ఉంది. ఆ ఏడాది హీరోకు వచ్చింది సుమారు 3,970 కోట్ల లాభం, ఓలాకు వచ్చింది 1,584 కోట్ల నష్టం. ఆ రోజుల్లో ఈ మాటంటే "మీకు పెట్రోలు వాసన వదల్లేదు" అని నవ్వినవాళ్లున్నారు. సరే.

2024-25లో ఓలా ఆదాయం 4,514 కోట్లకు తగ్గింది, నష్టం 2,276 కోట్లకు పెరిగింది. 2025-26కు కంపెనీ మొదట చెప్పిన అంచనా 4,200 నుంచి 4,700 కోట్లు. 2025 నవంబరులో దాన్ని 3,000-3,200 కోట్లకు దించింది. అప్పుడు షేరు నలభైల్లో ఉంది. 45 అనుకుందాం. విలువ 19,800 కోట్లు, దాన్ని 3,100తో భాగిస్తే 6.4. ఐపీఓ నాడు 6.7. ధర నలభై శాతం పడినా, రూపాయి అమ్మకానికి మీరిచ్చేది దాదాపు అంతే! "చవక" అనేవాళ్లు అంతకుముందు ఏడాది 4,514తో భాగించి 4.4 చూపిస్తారు. ఆ అమ్మకాలు ఇప్పుడు లేవు కదా. ఐపీఓ నాడు ముగిసిన ఏడాదితో, ఇక్కడ నడుస్తున్న ఏడాదితో భాగించానని మీరు అభ్యంతరం చెప్పొచ్చు, న్యాయమే. కానీ ఎదిగే కంపెనీ అని ఎక్కువ ధర పెట్టినప్పుడు, నడుస్తున్న ఏడాది ముగిసిన ఏడాది కన్నా పెద్దదిగా ఉండాలి. ఇక్కడ చిన్నదైంది.

రెండో లెక్క నేను తరచూ వేసేది, బండికి ఎంత నష్టమని. ఓలా 2023-24లో 3,29,618 బళ్లు ఇచ్చింది, 2024-25లో 3,59,221. నష్టాన్ని వీటితో భాగిస్తే బండికి 48 వేల నుంచి 63 వేలకు పోయింది. అందులో బ్యాటరీ సెల్ ఫ్యాక్టరీ ఖర్చు కూడా కలిసి ఉంటుంది, అంతా స్కూటర్ నెత్తిన రుద్దడం పూర్తిగా సరికాదు. అయినా ఎటు పోతోందో తెలుస్తుంది. ఇంకో ఎలక్ట్రిక్ స్కూటర్ల కంపెనీ ఏథర్ చూడండి. 2023-24లో సుమారు 1,10,000 బళ్లు, 1,060 కోట్ల నష్టం. మరుసటి ఏడాది 1,55,000 బళ్లు, 812 కోట్ల నష్టం. బండికి 96 వేల పైచిలుకు నుంచి 52 వేలకు దిగింది. అప్పటికి ఇద్దరూ నష్టాల్లోనే ఉన్నారు, కానీ ఒకరు మెట్లు దిగుతున్నారు, ఒకరు ఎక్కుతున్నారు. పైగా ఓలాకు పీఎల్ఐ ప్రోత్సాహకం (దేశంలో తయారుచేసి అమ్మినదాన్ని బట్టి కేంద్రం ఇచ్చే సొమ్ము) ఉంది, ఏథర్‌కు అప్పటికి లేదు.

ఓలా వైపు మాట్లాడేవాళ్లు గ్రాస్ మార్జిన్ (అమ్మకం సొమ్ములో బండి తయారీ ఖర్చు పోగా మిగిలే వాటా) చూపిస్తారు. అది నిజంగానే బాగుపడింది. 2025 జూలై-సెప్టెంబరులో 30 శాతం దాటింది. మరి నష్టం 418 కోట్లు ఎందుకొచ్చింది? ఆ మూడు నెలల్లో ఇచ్చిన బళ్లు 52,666. ముందు ఏడాది అదే మూడు నెలల్లో 98 వేల పైచిలుకు. ఇది డీలర్‌షిప్‌లో కూర్చున్నవాడికి వెంటనే అర్థమవుతుంది. ఓలాకు డీలర్లు లేరు, షోరూములన్నీ సొంతవే, 2024 డిసెంబరులో వాటిని ఒక్కసారిగా 4,000కు పెంచింది. డీలర్ కమీషన్ మిగులుతుంది, బాగానే ఉంది. కానీ అద్దె, జీతాలు, కరెంటు బిల్లు, స్టాకు మీద కట్టే వడ్డీ అన్నీ కంపెనీవే. బళ్లు సగమైతే అద్దె సగం కాదు. ఏథర్ పద్ధతిలో ఆ బరువు చాలావరకు మాలాంటి డీలర్లు మోస్తారు. అమ్మకాలు పడిన నెల మేం ఏడుస్తాం, కంపెనీ లెక్కల్లో ఆ ఏడుపు అంతగా కనబడదు.

వారంటీ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ చూడరు. బండి అమ్మిన రోజునే, ముందుముందు రాబోయే మరమ్మతుల కోసం కంపెనీ కొంత సొమ్ము ఖర్చుగా రాసి పక్కన పెట్టాలి. ఎంత అన్నది అంచనా. తక్కువ రాస్తే ఈ ఏడాది నష్టం తక్కువగా కనబడుతుంది. మా దగ్గరికొచ్చే ఎలక్ట్రిక్ బళ్లలో క్లెయింలు ఊపందుకునేది మొదటి ఏడాది కాదు, రెండో వానాకాలం తరవాత. కనెక్టర్లలో నీళ్లు, కంట్రోలర్లు, డిస్‌ప్లేలు. అప్పటికి ఆ మోడల్ అమ్మకాల సంబరం లెక్కల్లో ఎప్పుడో అయిపోయి ఉంటుంది. 2025 జనవరి-మార్చిలో ఓలా చూపిన 870 కోట్ల నష్టంలో 250 కోట్లు పాత తరం బళ్ల వారంటీ కోసం ఒకేసారి రాసిన సొమ్మే. బ్యాటరీకి ఎనిమిదేళ్ల వారంటీ ఇచ్చే ఏ కంపెనీలోనైనా, నష్టం తగ్గిన మూడు నెలల్లో ఈ పద్దు కూడా తగ్గిందేమో వార్షిక నివేదిక నోట్సులో వెతకండి. ఏథర్ ఆ ఎనిమిదేళ్ల బ్యాటరీ వారంటీని విడిగా డబ్బు తీసుకుని అమ్ముతోంది. తెలివైన పనే, ఆ బాకీ కూడా తరవాతి ఏళ్లదే.

అమ్మకాల సంఖ్యకు చాలామంది బళ్ల రిజిస్ట్రేషన్లు చూపే కేంద్రం వెబ్‌సైటు, వాహన్ పోర్టల్ చూస్తారు. మంచిదే, కానీ 2025 ఫిబ్రవరిలో ఓలా 25 వేలకు పైగా అమ్మామంటే వాహన్‌లో కనిపించినవి 8,600 చిల్లర. రిజిస్ట్రేషన్ చేసే ఏజెన్సీలతో ఒప్పందాలు మార్చుకుంటున్నామని కంపెనీ వివరణ ఇచ్చింది. పైగా అప్పట్లో తెలంగాణ లెక్క వాహన్‌లో కలిసేదే కాదు. ఎలక్ట్రిక్ బళ్లకు రోడ్ ట్యాక్స్ ఎత్తేసిన తరవాత మా హైదరాబాదులో అమ్మిన బళ్లన్నీ ఆ పట్టికలో లేకుండానే పోయాయి. అందుకే త్రైమాసిక ఫలితాల్లోని డెలివరీల సంఖ్యనే నమ్ముతాను, ఆలస్యమైనా.

అయితే ఏథర్ కొనమంటారా అని అడుగుతారు. 2025 ఏప్రిల్లో 321కి ఇచ్చినప్పుడు విలువ సుమారు 12 వేల కోట్లు, అమ్మకాలకు 5.3 రెట్లు. జనం పెద్దగా పట్టించుకోలేదు, దరఖాస్తులు అమ్మకానికి పెట్టిన షేర్లకు ఒకటిన్నర రెట్లు కూడా దాటలేదు. ఓలాకు నాలుగు రెట్లు దాటాయి. అక్టోబరు నాటికి ఏథర్ ధర రెట్టింపు దాటి, 2024-25 అమ్మకాలకు పది రెట్ల పైకి పోయింది. ఆ ధరలో నేను కొనను. పక్కన టీవీఎస్, బజాజ్ పెట్రోలు బళ్ల లాభంతో ఎలక్ట్రిక్ స్కూటర్లను ఎన్నాళ్లైనా నడపగలరు, మా రోడ్డులోనే వాళ్ల ఆఫర్లు చూస్తున్నాను. కేంద్రం సబ్సిడీ కూడా 2025 ఏప్రిల్లో బ్యాటరీ సామర్థ్యంలో కిలోవాట్ అవర్‌కు 5,000 నుంచి 2,500కు దిగింది.

మీ ప్రశ్నకు నా జవాబు: ఇప్పటికి వద్దు. ఓలా వరసగా రెండు త్రైమాసికాలు డెలివరీలు పెంచి, అదే సమయంలో బండికి నష్టం తగ్గించి, వారంటీ పద్దును కోయకుండా ఉంచితే మళ్లీ ఇక్కడే అడగండి. అప్పుడు ధర 60 ఉన్నా సరే, లెక్క వేరేగా వస్తుంది.