బోర్డు మార్చే ముందు వైర్లు చూడరా అల్లుడూ

అల్లుడూ,

రాత్రి మీ అమ్మ ఫోన్‌లో అంతా చెప్పింది. మొన్న పెట్టించిన హోమ్ థియేటర్ ఊరికే మూలుగుతోందట, వెనక స్పీకర్లు రెండూ పలకడం లేదట, సినిమాలో మాటలు వినపడక నువ్వు సౌండ్ పెంచడం, ఫైటు రాగానే పక్కింటివాళ్లు తిడతారని తగ్గించడం, ఇదే పనిగా ఉందట. చూడ్డానికి వచ్చిన కుర్రాడు బోర్డు పోయింది మార్చాలన్నాడట. ఇప్పుడే ఒప్పుకోకు. వారంటీలో ఉన్నదాని మూత అసలే విప్పనివ్వకు. ఈ మూడూ మూడు వేరు వేరు జబ్బులు, ఒక్క బోర్డు మీదకి తోసేస్తే డబ్బులు పోతాయి, మోత మాత్రం అలాగే ఉంటుంది.

ముప్పై ఏళ్లు పెళ్లి పందిళ్లలో, అంతర్వేది తీర్థంలో మైకు సెట్లు కట్టినవాణ్ని నేను. ఒక్క మాట గుర్తుపెట్టుకో, ఒకసారికి ఒక్కటే మార్చాలి. వైరు ఒకటి మార్చావా, విను. తర్వాత ఇంకోటి. నాలుగూ ఒకేసారి కెలికితే బాగైనా ఎందుకు బాగైందో తెలీదు, మళ్లీ వారానికి అదే గోల.

ముందు మూలుగు సంగతి. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది కదా, ఆ 50, దాని రెట్టింపు 100, స్పీకర్లో బుయ్యిమని వినపడేది అదే. పాట ఏమీ పెట్టకుండా వాల్యూమ్ పైకీ కిందికీ తిప్పి చూడు. దాంతోపాటు మూలుగు కూడా పెరిగితే అది బయటినుంచి, అంటే టీవీ నుంచో సెట్‌టాప్ బాక్స్ నుంచో వస్తున్నట్టు. పెరక్కుండా ఒకేలా ఉంటే ఆంప్లిఫైయర్‌నో, బేస్ పలికే సబ్ వూఫర్ స్పీకర్‌నో అనుమానించు. బయటినుంచే అయితే వచ్చే వైర్లు ఒక్కోటే పీకుతూ పో. నా అనుమానం మీ కేబుల్ టీవీ వైరు మీద. ఆ వైరు ఎక్కడో స్తంభం దగ్గర ఎర్త్ అయి ఉంటుంది, మీ ఇంటి ఎర్త్ ఇంకోచోట, ఆ రెంటికీ మధ్య తేడా ఉంటే ఆ తేడా అంతా నీ స్పీకర్లోకి వస్తుంది. కేబుల్ పిన్ను లాగగానే మోత ఆగిందంటే దొంగ దొరికినట్టే. అప్పుడు ఆ వైరుకి మధ్యలో పెట్టి ఆ రెండు ఎర్తుల్నీ విడదీసే ఐసోలేటర్ దొరుకుతుంది, అది పెట్టు. టీవీ, బాక్సు, ఆంప్లిఫైయర్ మూడింటినీ ఒకే స్విచ్‌బోర్డు మీదకి తెచ్చినా చాలాసార్లు సగం తగ్గిపోతుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచినప్పుడు మాత్రమే బుయ్యిమంటే ఇక సెట్టుని ఏమీ అనకు, ఆ చవక ఇన్వర్టర్ ఇచ్చే కరెంటే అంత. ఎవడైనా ప్లగ్గుకి ఎర్త్ పిన్ను పీకేస్తే మోత పోతుందంటాడు. పోతుంది నిజమే, ఏదో ఒకరోజు షాక్ కొడుతుంది, పిల్లలున్న ఇల్లు. ఆ పని చెయ్యకు.

వెనక స్పీకర్లకి వద్దాం. రిమోట్‌లో టెస్ట్ టోన్ అని ఉంటుంది, అది పెడితే ఒక్కో స్పీకర్లోంచి వరసగా బుస్సుమంటుంది. వెనకవి బుస్సుమన్నాయా, స్పీకర్లు బాగున్నాయి, వైర్లూ బాగున్నాయి, తప్పు టీవీ సెట్టింగుల్లో ఉంది. టీవీ సౌండ్ అవుట్‌పుట్ పీసీఎం అని ఉంటే ఏఆర్‌సీలోంచి, అంటే టీవీ సౌండుని హెచ్‌డీఎంఐ వైరు మీద సెట్టుకి పంపే దారిలోంచి, రెండు చానళ్లే, అంటే ముందు రెండు స్పీకర్ల సౌండే వస్తుంది, దాన్ని బిట్‌స్ట్రీమ్ అనో ఆటో అనో మార్చు. హెచ్‌డీఎంఐ వైరు కూడా ఏఆర్‌సీ అని రాసి ఉన్న కంతలోనే ఉండాలి, పక్క కంతలో పెట్టి నెలలు గడిపేసినవాళ్లని చూశాను. ఇంకో సంగతి, పాత సినిమాలు, సీరియళ్లు చాలావరకు రెండు చానళ్లవే, వాటికి వెనక స్పీకర్లు పలక్కపోతే జబ్బు కాదు.

టెస్ట్ టోన్‌కి కూడా పలక్కపోతే వైరు చూడు. సెట్టు ఆపి, ప్లగ్గు పీకేశాకే. పోయిన వానాకాలం మా ఇంట్లో మధ్య స్పీకరు గరగరలాడితే, ఇన్నేళ్ల అనుభవం ఉండి కూడా ఆంప్లిఫైయర్ విప్పి రెండు రోజులు దాని మీద బోర్లా పడుకున్నాను. చివరికి క్లిప్పులోంచి వైరు లాగితే రాగి తీగలు పచ్చగా చిలుము పట్టి, వేలితో నలిపితే పొడిపొడిగా రాలాయి. ఉప్పుగాలి, తేమ, మన గోదారి పక్క ఊళ్లలో రాగి గతి అదే. అంగుళం కత్తిరించి, బ్లేడుతో తొడుగు గీసి, మెరుస్తున్న తీగని మెలిపెట్టి బిగించాను, అయిపోయింది. మెలిపెట్టేటప్పుడు ఒక్క పోగు కూడా పక్క క్లిప్పుకి తగలకూడదు, తగిలితే సెట్టు తనని తాను కాపాడుకోడానికి ప్రొటెక్ట్ అని చూపించి ఆగిపోతుంది, దాన్నే బోర్డు పోయిందంటారు.

ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకి ఉందో లేదో కూడా చూడు. ముందు రెండింట్లో ఒకటి తిరగబడితే బేస్ పలచబడిపోయి పాట ఎక్కణ్ణుంచి వస్తోందో తెలీదు. వైరు రంగు నమ్మలేకపోతే ఆంప్లిఫైయర్ వైపు కొసలు విప్పి, ఒకటిన్నర వోల్టుల పెన్సిల్ బ్యాటరీ ఒక్క క్షణం తాకించు. టప్‌మని స్పీకర్ కోన్ ముందుకి ఉబికితే బ్యాటరీ ప్లస్ తగిలిన వైరే ప్లస్.

మాటల సంగతి సులువు. 5.1లో, అంటే అయిదు స్పీకర్లూ ఒక సబ్ వూఫరూ ఉన్న సెట్టులో, మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్లోంచే వస్తాయి, నువ్వేమో దాన్ని షోకేసు అరలో బొమ్మల వెనక తోశావని మీ అమ్మ చెప్పింది. ముందు అంచుకి లాగి, కూర్చున్నవాళ్ల చెవి వైపు కొంచెం ఎత్తిపెట్టు. సెంటర్ లెవెల్ రెండు మూడు డెసిబెల్స్ పెంచు. సబ్ వూఫర్ గోడ మూలలో ఉంటే ఇంకా గుబగుబమంటుంది, మూలలోంచి రెండడుగులు జరిపి చూడు. రాత్రిపూట నైట్ మోడ్ పెట్టుకుంటే ఫైట్లకీ మాటలకీ తేడా తగ్గుతుంది. ఆ హాల్లో నేలంతా మార్బులు, కిటికీలకి కర్టెన్లు లేవు, మధ్యలో నించుని చప్పట్లు కొడితే టంగుమంటుంది కదా, మాటలు కూడా అలాగే చెదిరిపోతాయి. మందపాటి కార్పెట్ ఒకటి, కర్టెన్లు వెయ్యి. కొత్త స్పీకర్లు కొనడం కంటే అది నయం.

అన్నట్టు, సబ్ వూఫర్ గొట్టంలోకి టార్చి వేసి చూడు. మా పెద్దాడింట్లో కందిరీగ మట్టిగూడు కట్టేసింది, వాడేమో స్పీకర్ చిరిగిందనుకున్నాడు.

స్పీకర్ వైర్లన్నీ పీకేసి ఆన్ చేసినా ప్రొటెక్ట్ అని పడుతుంటేనో, కాలిన వాసన వస్తుంటేనో అది ఆంప్లిఫైయర్ తప్పే, వారంటీ కాగితంతో పంపించెయ్. లేదంటే ఆదివారం దాకా ఆగు, చించినాడ వంతెన మీదుగా భీమవరం వచ్చేస్తాను. మల్టీమీటర్ నేను తెస్తాను. నువ్వు షోకేసు మాత్రం గోడకి ఓ జానెడు ఎడంగా జరిపి ఉంచు, వెనక నా చెయ్యి పట్టాలి.

మీ మావయ్య