ఐదో తరగతి పిల్లలతో వర్ణన రాయించేటప్పుడు

చెల్లెమ్మకు ఆశీస్సులు.

నువ్వు పంపిన ఐదో తరగతి పిల్లల నోట్సులు చదివాను. మేడారం జాతర గురించి రాయమంటే దాదాపు అందరూ ‘వెళ్లాం, చూశాం, చాలా బాగుంది’ అని ముగించారు. టెన్షన్ పడకు. చెప్పడానికేమీ లేక కాదు, ఏది రాయాలో తెలియక అలా రాస్తారు. అక్కడ బెల్లాన్ని బంగారం అంటారనీ, మనిషిని తూచి అంత బంగారం అమ్మవార్లకు మొక్కు చెల్లిస్తారనీ ములుగు పిల్లలకు మనం చెప్పాలా? అందరికీ తెలిసిందే కదా అని వదిలేస్తారు. అందుకే జాతర ఎప్పుడూ చూడని గుంటూరు పిల్లకు ఉత్తరం రాస్తున్నామనుకుని రాయమను.

విశేషణాల పట్టిక మాత్రం బోర్డు మీద రాయకు. ‘రమణీయమైన’ అని ఒకసారి ఇచ్చావంటే తరగతిలో ప్రతి చెట్టూ రమణీయమైపోతుంది. దానికి బదులు ప్రశ్నలు వెయ్యి. ‘జంపన్నవాగులో స్నానం చేశాం, చాలా బాగుంది’ అని రాసిన పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అడుగు. నీళ్లు ఎందాకా వచ్చాయిరా? కాళ్ల కింద ఏం తగిలింది? ఎవరిని పట్టుకున్నావు? వాడు నోటితో చెప్పింది చెప్పినట్టే రాయమంటే, ‘నీళ్లు మోకాళ్ల దాకనే ఉన్నయి. కాళ్ల కింద ఇసుక జారుతుంటే అమ్మమ్మ కొంగు పట్టుకున్న’ లాంటిది వస్తుంది. విశేషణం ఒక్కటీ లేదు. అయినా వాగు కనిపిస్తుంది, వాడి భయమూ తెలుస్తుంది. ఇంటి భాషలో ఉందని ఆ రోజే దిద్దకు, రాయడమే మానేస్తారు.

కథల్లో వేరే చిక్కు. ‘రాజుకు కోపం వచ్చింది’ అని రాసి ముందుకెళ్లిపోతారు. ఒకరిని ముందుకు పిలిచి, మాట్లాడకుండా కోపం నటించమను. చేతులేం చేశాయి, నడక ఎలా మారింది, మిగతావాళ్లు చూసి రాయాలి. ‘కోపం’ అన్న మాట వాడకూడదని షరతు పెట్టు. పిల్లలకు ఇది భలే సరదా.

చప్పుళ్ల విషయంలో మన భాషకు కొదవ లేదు. రేకుల కప్పు మీద వాన పడే రోజు కాసేపు కళ్లు మూయించి వినమను. టపటపలు, జలజలలు, గణగణలు వాళ్ల నోట్లోనే ఉన్నాయి, రాతలోకి రావడమే ఆలస్యం. పోలికలు కూడా అంతే. ‘చందమామలాంటి ముఖం’ దగ్గర ఆగి, నీకు నిజంగా ఏం గుర్తొచ్చిందని అడుగు. ఏమీ గుర్తు రాకపోతే పోలికే వద్దు.

ఇదంతా వంటబట్టాక ఇంకో ఇబ్బంది వస్తుంది. బస్సెక్కడం, టికెట్ కొనడం, పులిహోర తినడం, అన్నీ వర్ణిస్తారు, జాతర దాకా రానే రారు. రాయడం మొదలుపెట్టకముందే ఎక్కడ ఆగాలో ఒక్క చోటు ఎంచుకోమను. గద్దెల దగ్గర తోపులాటో, తప్పిపోయిన తమ్ముడు దొరికిన క్షణమో. అక్కడ ఐదారు వాక్యాలు, మిగతాదంతా గబగబా. వర్ణన నేర్పడంలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే, దీనికి ఓపిగ్గా సమయం ఇవ్వు.

దిద్దేటప్పుడు ఒక్కో నోట్సులో బాగున్న వాక్యం ఒకటి వెతికి, కింద గీత గీసి, తరగతిలో పైకి చదువు. అక్షరదోషాలు మర్నాడు చూసుకోవచ్చు. పిల్లలు తిరగరాశాక నోట్సులు మళ్లీ పంపు, ఆ జంపన్నవాగు పిల్లాడిది పైన పెట్టు.

ఆశీస్సులతో,
అక్క