స్టేషన్ దగ్గరే అని రాసేముందు

తల్లీ,

మాదాపూర్ ఆఫీసు భవనానికి లీడ్ సర్టిఫికేషన్, అదే పర్యావరణహిత భవనాలకు పాయింట్లు లెక్కేసి ఇచ్చే గుర్తింపు, ఆ పని నీ చేతికొచ్చిందని తెలిసి చాలా సంతోషించాను. బస్సు, మెట్రో దగ్గర్లో ఉంటే వచ్చే పాయింట్ల విషయంలోనే టెన్షన్‌గా ఉందన్నావు కదా, ఆ ఒక్కదాని గురించే రాస్తున్నాను.

ముందు మీ ప్రాజెక్టు లీడ్ నియమాల్లో ఏ వెర్షన్ కింద రిజిస్టరైందో చూసుకో. నేను చెప్పేవి వెర్షన్ 4లో కొత్త భవనాల లెక్కలు. భవనం ద్వారం నుంచి బస్టాపైతే 400 మీటర్లలోపు, మెట్రో లేదా ఎంఎంటీఎస్ స్టేషనైతే 800 మీటర్లలోపు ఉండాలి. చాలామంది మ్యాపు మీద వృత్తం గీసి, స్టేషన్ అందులో పడింది కదా అని ఊరుకుంటారు. అలా కుదరదమ్మా. అది మనిషి క్షేమంగా నడవగలిగే దారి పొడవు. స్టాపు ఎదురుగానే కనిపిస్తున్నా, డివైడర్ చివరిదాకా వెళ్లి, జీబ్రా క్రాసింగ్ మీద దాటి, మళ్లీ వెనక్కి నడవాల్సి వస్తే ఆ మీటర్లన్నీ కలపాల్సిందే. ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్ అడ్డుంటే జనం ఎటు దిగి నడుస్తున్నారో కూడా చూడు. అందుకే టేపు, ఫోను పట్టుకుని నువ్వే నడువు.

కొలత మొదలయ్యేది జనం రోజూ వాడే ద్వారం దగ్గర. అత్యవసర ద్వారం పనికిరాదు. డిజైన్ ఇంకా ఖరారు కాలేదన్నావు కాబట్టి, స్టేషన్ వైపు లాబీకి ఓ తలుపు, ప్రహరీకి ఓ చిన్న గేటు పెట్టించమని గట్టిగా అడుగు. పాయింట్లు వచ్చినా రాకపోయినా, వానలో గొడుగు పట్టుకుని వచ్చే ఉద్యోగికి చుట్టు తిరిగే బాధ తప్పుతుంది.

ఇక ట్రిప్పులు. ఆ స్టాపుల్లో, స్టేషన్లలో అన్నీ కలిపి పనిదినాల్లో రోజుకు 72, వారాంతంలో రోజుకు 40 ఉంటే 1 పాయింటు. 144, 108 ఉంటే 3. 360, 216 ఉంటే 5. రెండూ విడివిడిగా దాటాలి. పనిదినాల్లో 400 ఉన్నా వారాంతంలో 200కు పడిపోతే 3 పాయింట్లే వస్తాయి. మన బస్సులు ఆదివారం తగ్గుతాయి, అక్కడ జాగ్రత్త. రానూపోనూ సర్వీసు ఉండాలి గానీ, లెక్కలోకి తీసుకునేది ఒక వైపు ట్రిప్పులే. ఒకే రూటు బస్సు దగ్గర్లోని రెండు స్టాపుల్లో ఆగినా ఒక స్టాపుకే లెక్క.

టైమ్ టేబుల్ యాప్‌లో చూసి రాసేయకు, డిపోకు వెళ్లి అడిగి తీసుకో. కాగితం మీదున్న బస్సులు నిజంగా తిరుగుతున్నాయో లేదో సాయంత్రం స్టాపులో కాసేపు నిలబడితే తెలిసిపోతుంది.

రాబోయే స్టేషన్ చూపించాలంటే, భవనానికి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చే నాటికే దాని స్థలం ఖరారై, నిధులు మంజూరై, పనులు మొదలై ఉండాలి. ఆపై 24 నెలల్లో పూర్తి కావాలి. పేపర్లో వచ్చిన ప్రతిపాదనలు చెల్లవు.

దారి కొలిచాక ఆ మ్యాపు నాకు వాట్సాప్‌లో పంపు. డ్రాయింగులు ఖరారయ్యేలోపే ఆ తలుపు ఎక్కడ పెట్టాలో ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ బాబాయి