అమలాపురం నుంచి డాలస్‌కు నిజంగా ఎన్ని గంటల ప్రయాణం?

రాజమహేంద్రవరం నుంచి డాలస్‌కు దూరం 14,450 కిలోమీటర్లని చూశారని, మీ అమ్మగారి టికెట్టులో మాత్రం హైదరాబాదులో తెల్లవారుజామున 3.30కి బయలుదేరి, దోహాలో మారి, అదే రోజు సాయంత్రం 4 గంటలకు దిగుతున్నట్టు ఉందని, అంటే ప్రయాణం పన్నెండున్నర గంటలేనా అని అడిగారు. మా అమ్మాయి అక్కడే ఉండటం వల్ల నేనూ నా భార్యా ఈ దారిలోనే వెళ్లి వస్తుంటాము.

పన్నెండున్నర గంటలు కాదండీ, ఇరవై మూడు. టికెట్టు మీద ఏ ఊరి సమయం ఆ ఊరిదే వేస్తారు. వేసవిలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనుక ఉంటుంది, చలికాలంలో పదకొండున్నర. కాబట్టి టికెట్టులో కనిపించే పన్నెండున్నరకు వేసవి తేడా పదిన్నర కలిపితే ఇరవై మూడు: దోహాకు నాలుగున్నర గంటలు, అక్కడ నిరీక్షణ రెండున్నర గంటలు, ఆపైన డాలస్‌కు ఏకబిగిన పదహారు గంటలు.

మీరు చూసిన దూరం సరైనదే కానీ, ఆ దారిన ఏ విమానమూ వెళ్లదు. రాజమహేంద్రవరం సుమారు 82 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, డాలస్ 97 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద ఉన్నాయి. రెండూ కలిపితే దాదాపు 180, అంటే భూగోళానికి ఇటొకటి, అటొకటి. అందుచేత వాటి మధ్య అతి దగ్గర దారి ఉత్తర ధ్రువాన్ని ఇంచుమించు తాకుతూ పోతుంది. గ్లోబు మీద దారం పట్టి చూస్తే పిల్లలకు సైతం అర్థమవుతుంది. దోహా మీదుగా వెళ్లేటప్పుడు మొత్తం సుమారు 16,000 కిలోమీటర్లు అవుతుంది. దోహా నుంచి కూడా విమానం బాగా ఉత్తరానికి ఎక్కి దిగుతుంది. సీటు ముందున్న తెర మీద చిన్న విమానం బొమ్మ గ్రీన్‌లాండ్ వైపు పోతుంటే, అమెరికాకు కాక ఇటెందుకు తీసుకుపోతున్నారని నా భార్య కంగారు పడింది. అమ్మగారికి ఈ మాట ముందే చెప్పి ఉంచండి.

తిరుగు ప్రయాణంలో అదే దూరానికి గంటకు పైగా తగ్గుతుంది, ఎందుకంటే చాలా ఎత్తున పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ గాలి విమానాన్ని వెనుక నుంచి నెడుతుంది. అయితే గడియారం మనకు ఎదురు తిరుగుతుంది: శనివారం సాయంత్రం డాలస్‌లో ఎక్కితే హైదరాబాదులో దిగేసరికి సోమవారం వచ్చేస్తుంది.

ఇక అసలు లెక్క ఇంటి గుమ్మం నుంచి వేయాలి. అమలాపురం నుంచి రావులపాలెం, జొన్నాడ మీదుగా రాజమహేంద్రవరం దగ్గరి మధురపూడి విమానాశ్రయానికి రెండు గంటలకు పైనే పడుతుంది. హైదరాబాదుకు విమానం గంటే అయినా, ముందు వేచి ఉండటం, శంషాబాదులో అర్ధరాత్రి వరకూ కూర్చోవడం, డాలస్‌లో ఇమిగ్రేషన్, సామాను, అన్నీ కలిపితే సుమారు 36 గంటలు. దేశీయ టికెట్టు విడిగా కొంటే సామాను సాధారణంగా 15 కిలోలకే పరిమితం. పచ్చళ్లూ పూతరేకులూ పెట్టిన రెండు పెద్ద పెట్టెలుంటే, విమానానికి రెండు రోజుల ముందు రాత్రి గౌతమీ ఎక్స్‌ప్రెస్‌ ఎక్కి హైదరాబాదు చేరి, పగలు బంధువుల ఇంట విశ్రాంతి తీసుకోవడమే నా దృష్టిలో మేలు.

దోహాలో గేటు వరకూ నడక చాలా ఉంటుంది. వీల్‌చెయిర్ కావాలని టికెట్టులోనే నమోదు చేయించండి. దారి చూపే మనిషి కూడా వెంట వస్తారు. బీపీ, షుగర్ మాత్రలు ఏ గంటకు వేసుకోవాలో డాక్టరు గారిని అడిగి, మన సమయంలో ఒక కాగితం మీద రాసి, అమ్మగారి చేతి సంచిలో పెట్టండి.