సీనియర్ గోల్ఫ్ పందేలు: ఐదో స్థానం వచ్చినా డబ్బెందుకు పోయింది?

ప్రశ్న: 50 నిండినవాళ్లు ఆడే అమెరికా సీనియర్ టూర్ గోల్ఫ్ టోర్నీలో ఒక ఆటగాడి మీద 20/1 ధరకు (పౌండుకు 20 లాభం) 10 పౌండ్ల ఈచ్-వే కాశాను. ఐదు స్థానాల దాకా ఐదో వంతు ధర ఇస్తామన్నారు. మనవాడు ఐదోవాడిగానే ముగించాడు. చేతికొచ్చింది 12.50 పౌండ్లు. బుకీ మోసం చేశాడా? (లెస్టర్, బ్రిటన్)

జవాబు: మోసం కాదు, డెడ్ హీట్: ఒకే స్థానంలో పలువురు సమానంగా నిలిస్తే పందెం సొమ్మును ఆ మేరకు పంచుతారు. ఈచ్-వే 10 అంటే మీ జేబులోంచి పోయింది 20: పది గెలుపు మీద, పది స్థానం మీద. గెలుపు మీద పెట్టిన పది పోయింది. ఫలితాల పట్టికలో మీవాడి పేరు పక్కన టీ5 (ఐదో స్థానంలో టై) అని ఉంటుంది చూడండి. వచ్చిన మొత్తాన్ని బట్టి చూస్తే ఐదో స్థానంలో నలుగురు సమానంగా నిలిచారు. నలుగురికీ కలిపి మిగిలింది ఒకే స్థానం కనుక మీ పదిలో నాలుగో వంతు, రెండున్నర పౌండ్లే లెక్కకొస్తాయి. 20/1లో ఐదో వంతు 4/1. రెండున్నరకు లాభం పది, అసలుతో కలిపి 12.50. వెరసి 7.50 నష్టం. ఇద్దరే సమానమై ఉంటే 25 వచ్చేది, ఐదు పౌండ్లు మిగిలేవి.

ఈ టూర్‌లో మామూలు టోర్నీలు 54 హోల్స్, అంటే మూడే రౌండ్లు. నాలుగు రౌండ్ల టోర్నీలతో పోలిస్తే స్కోర్లు విడిపోవడానికి ఒక రౌండు తక్కువ. అందుకే చివరి స్థానం మీద ఆశతో ఈచ్-వే కాసేవాళ్లు ఈ కోత వేసుకునే ధర చూడాలి. మొదటి స్థానానికి ఈ బెడద లేదు, సమానమైనవాళ్లు అదనపు హోల్స్ ఆడే ప్లేఆఫ్ తేల్చేస్తుంది.

ప్రశ్న: కొత్తగా 50 నిండినవాళ్ల మీద కాస్తే లాభమంటారు. నిజమేనా? (ఎడిసన్, న్యూజెర్సీ)

జవాబు: సగం నిజం. జిమ్ ఫ్యూరిక్, ఫిల్ మికెల్సన్ ఇద్దరూ 2020లో 50 నిండాక ఈ టూర్‌లో ఆడిన మొదటి రెండు టోర్నీలూ గెలిచారు. కానీ పుట్టినరోజులు బుకీకీ తెలుసు, ఆ ఆశ ధరలో ముందే కలిసిపోతుంది. పైగా బెర్న్‌హార్డ్ లాంగర్ 2023లో 65 ఏళ్లకు యూఎస్ సీనియర్ ఓపెన్ గెలిచాడు, 2024 నవంబరులో 67 ఏళ్లకు సీజన్ చివరి టోర్నీ గెలిచి 47వ టైటిల్ అందుకున్నాడు. ఒక్క వయసే చూస్తే బోర్లాపడతారు.

ముందు ధరల పట్టిక పట్టండి. +400 అంటే 100 పెడితే 400 లాభం. గెలిచే అవకాశం ఎంతని ధర చెబుతోందో తెలియాలంటే 100ని 500తో భాగించండి: 20 శాతం. +1900 అంటే 5 శాతం. ఇలా అందరివీ కూడండి. మొత్తం 140 వచ్చిందనుకోండి, ధరలకు తగ్గట్టు అందరి మీదా 140 డాలర్లు పరిచినా తిరిగొచ్చేది 100, మిగతా 40 బుకీ కోత. ఇద్దరు ఆటగాళ్ల మధ్య పోటీ మీద ఇదే లెక్క వేస్తే కోత బాగా తక్కువగా కనిపిస్తుంది. నా ఓటు దానికే.

ప్రశ్న: నేను కాసిన ఆటగాడు రెండో రౌండులో నడుంనొప్పితో తప్పుకున్నాడు. డబ్బు వెనక్కి రాదా? (లండన్)

జవాబు: రాదు. సాధారణంగా మొదటి హోల్‌లో బంతి కొట్టాడంటే పందెం మొదలైనట్టే, అంతకుముందే తప్పుకుంటేనే వాపసు. ఈ వయసువాళ్లలో నడుము, మోకాలు ఎప్పుడు మొరాయిస్తాయో చెప్పలేం. టూర్‌లో చాలాచోట్ల బండి ఎక్కనిస్తారు కానీ యూఎస్ సీనియర్ ఓపెన్‌లో నాలుగు రౌండ్లూ నడవాల్సిందే, రెండు రౌండ్ల తర్వాత కట్ (వెనకబడినవాళ్లను ఇంటికి పంపడం) కూడా ఉంటుంది. గాయంలోంచి తేరుకుంటున్నవాడి మీద ఆట మొదలయ్యే రోజు ఉదయం దాకా కాయకండి. వానకు ఒక రౌండు రద్దయితే ఏం చేస్తారో మీ బుకీ నిబంధనల్లో ముందే చదవండి.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి యాప్‌లో కాయవచ్చా?

జవాబు: వద్దు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలు సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను, వాటి ప్రకటనలను, వాటికి బ్యాంకు చెల్లింపులను నిషేధిస్తూ 2025లో పార్లమెంటు చట్టం చేసింది. వీపీఎన్‌తో విదేశీ సైటులో గెలిచినా, ఖాతా స్తంభింపజేస్తే ఫిర్యాదుకు దారి ఉండదు.