పిస్టల్ పిడికి సోల్డరింగ్ ఐరన్ పెట్టే ముందు

గ్రీన్‌కార్డు వచ్చి ఏడాది కూడా కాని ఒక తమ్ముడు పోయిన నెల ఇర్వింగ్ నుంచి మా ఇంటికి భోజనానికి వచ్చాడు. "అన్నా, సిగ్ పీ365 పిస్టల్ కొన్నాను. ప్యాంటు లోపల హోల్‌స్టర్‌లో (తుపాకీ ఒరలో) పెట్టుకుంటున్నాను. ఈ డాలస్ ఎండకి అరచెయ్యి చెమట పడితే పిడి జారిపోతోంది. సోల్డరింగ్ ఐరన్‌తో చుక్కలు పొడిచి గరుకు చేసుకునే వీడియోలు చూశాను. ఈ శనివారం చేసేద్దామనుకుంటున్నా" అన్నాడు. ఆ శనివారం ఆపించాను. అతనికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. ఈ మధ్య మనవాళ్లు చాలామంది ఇదే అడుగుతున్నారు.

పిడి సంగతి తర్వాత, ముందు వీసా సంగతి. మీరు ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4 లాంటి వీసా మీద ఉంటే తుపాకీ జోలికే వెళ్లకండి. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదని 1998 నుంచి ఫెడరల్ చట్టం ఉంది. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి పర్మిట్ లేకుండానే పెట్టుకోవచ్చు కదా అంటారు. అది రాష్ట్ర చట్టం, ఫెడరల్ నిషేధం దానివల్ల పోదు. షూటింగ్ రేంజ్‌లో అద్దెకు తీసుకుని పది నిమిషాలు కాల్చినా చట్టం లెక్కలో అది మీ చేతిలో ఉన్నట్టే. పైగా మన పిల్లలు ఫొటో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడతారు. వేట లైసెన్సు ఉన్నవాళ్లకి మినహాయింపు లాంటివి కొన్ని ఉన్నాయి. లాయరుని అడగకుండా వాటిని నమ్ముకోవద్దు. 2022 తర్వాత ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. ఆపైన దేశం నుంచి పంపించేస్తారు. అప్లికేషన్ పెండింగ్‌లో ఉందని తొందరపడకండి, కార్డు చేతికి వచ్చేదాకా ఆగండి.

ఇక పిడి. నడుముకి పెట్టుకునే పిస్టల్‌లో దాచడానికి అన్నిటికంటే కష్టమైన భాగం అదే. గొట్టం ప్యాంటులోకి దిగిపోతుంది, పిడి మాత్రం చొక్కా కింద పైకి పొడుచుకొస్తుంది. అందుకే కంపెనీలు దాన్ని పొట్టిగా, కాస్త నున్నగా చేస్తాయి. మనం గరుకు చేద్దామనుకునేది సరిగ్గా రోజంతా ఒంటికీ బట్టకీ రాసుకుంటూ ఉండే భాగాన్నే. బెడ్‌రూమ్‌లో పెట్టుకునే పెద్ద పిస్టల్‌కి ఎంత గరుకైనా పరవాలేదు. నడుముకి పెట్టుకునేదానికి గరుకు ఎక్కువైతే వారంలో పక్కటెముకల కింద చర్మం ఎర్రగా కందిపోతుంది, బనియన్లు చిరుగుతాయి, చొక్కా పిడికి పట్టుకుని పైకి లేచి లోపలున్నది బయటపెడుతుంది.

కాబట్టి మొదట వేయాల్సింది పట్టు కోసం పిడికి అంటించే టేపు. ఇరవై డాలర్ల ప్రాంతంలో మీ మోడల్‌కి సరిపడేలా కత్తిరించినవే దొరుకుతాయి. టాలన్ లాంటి కంపెనీలు రబ్బరు రకం, ఇసుక రకం రెండూ అమ్ముతాయి. నా సలహా రెండూ కలపమని. వేళ్లు చుట్టుకునే ముందు వైపు ఇసుక రకం పెట్టండి, ఒంటికి ఆనే వైపు రబ్బరు. కుడిచేతి వాటం వాళ్లు కుడి నడుముకి పెట్టుకుంటే పిస్టల్ ఎడమ పక్క ఒంటికి ఆనుతుంది, కాల్చేటప్పుడు ఎడమ అరచెయ్యి పడేదీ అక్కడే. రబ్బరైతే అక్కడ రెండు పనులూ జరుగుతాయి. అంటించే ముందు పిడిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. తుపాకీ నూనె చుక్క మిగిలినా అంచులు రెండు రోజుల్లో లేస్తాయి. అంటించాక హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి, మూలలు బొటనవేలితో గట్టిగా అదమండి. నచ్చకపోతే మళ్లీ వేడి చేసి పీకేయొచ్చు. కొత్తవాళ్లకి దీనికి మించిన సుఖం లేదు.

ఇంకా చవకైన దారి సైకిల్ ట్యూబు. మా ఊళ్లో పార కామకి పాత ట్యూబు చుట్టేవాళ్లు, చేతులు బొబ్బలెక్కకుండా. ఇక్కడా పాతకాలం వాళ్లు ట్యూబుని రింగులా కోసి పిస్టల్ పిడికి తొడుగుతారు. అది చూసి నాకు ఊరు గుర్తొచ్చి నా గ్లాక్ 19 పిస్టల్‌కి నేనూ తొడిగాను. పట్టు అద్భుతంగా ఉంది. మూడోసారి రేంజ్‌కి వెళ్లినప్పుడు ట్యూబు మెల్లగా పైకి పాకి మ్యాగజైన్‌ని (తూటాలు ఉండే పెట్టెని) వదిలే బటన్ మీదికి వచ్చేసింది. నొక్కితే బటన్ లోపలికి దిగలేదు, ఖాళీ మ్యాగజైన్ బయటికి రాలేదు. రేంజ్‌లో కాబట్టి సరిపోయింది. ట్యూబైనా, కొనే రబ్బరు తొడుగైనా, కదిలేది ఏదైనా ప్రతి వారం చూసుకోవాలి. మ్యాగజైన్ బటన్, స్లైడ్‌ని (పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగాన్ని) ఆపే స్లైడ్ స్టాప్, కొన్నిటికి పిడి వెనక ఉండే గ్రిప్ సేఫ్టీ (పిడి గట్టిగా పట్టుకుంటేనే కాల్చనిచ్చే మీట), వీటి దరిదాపుల్లోకి ఏదీ రాకూడదు.

రివాల్వర్ ఉన్నవాళ్లకి పని తేలిక. స్మిత్ అండ్ వెసన్ జే-ఫ్రేమ్ లాంటివాటికి ఒక స్క్రూ తీస్తే పిడి చెక్కలు ఊడి వస్తాయి, వేరేవి బిగించుకోవచ్చు. రబ్బరుది చేతిలో బాగుంటుంది గానీ బట్టకి పట్టుకుంటుంది. చెక్కది చొక్కా కింద నుంచి సాఫీగా బయటికి వస్తుంది. తూటాలన్నీ ఒకేసారి నింపే స్పీడ్‌లోడర్ వాడితే ఎడమ చెక్క దానికి తగలకుండా ఉందో లేదో చూసుకోండి.

ఇప్పుడు సోల్డరింగ్ ఐరన్. దాంతో పిడి మీద చుక్కలు పొడవడాన్ని స్టిప్లింగ్ అంటారు. బాగా చేస్తే టేపుకంటే ఎక్కువ కాలం ఉంటుంది, నేనూ చేశాను. కానీ ఒకసారి కరిగిన పాలిమర్ (పిడి చేసే గట్టి ప్లాస్టిక్) మళ్లీ వెనక్కి రాదు. పైగా ఏ భాగం కరిగిస్తున్నారో తెలియాలి. గ్లాక్‌లో పిడితో కలిసి ఉన్న పాలిమర్ ఫ్రేమే చట్టం దృష్టిలో తుపాకీ. ట్రిగ్గర్ గార్డుకి ముందు, కింది వైపు దానిలో బిగించిన చిన్న లోహపు ప్లేటు మీద సీరియల్ నంబరు ఉంటుంది. ఆ నంబరు చెరిగిన తుపాకీ దగ్గర ఉండటమే ఫెడరల్ నేరం, అటువైపు వేడి పోనివ్వకండి. పీ365లో అలా కాదు. నంబరు లోపలి లోహపు ఫైర్ కంట్రోల్ యూనిట్ (ట్రిగ్గర్ యంత్రాంగం ఉండే భాగం) మీద ఉంటుంది, పిడి ఉన్న బయటి తొడుగు, అంటే గ్రిప్ మాడ్యూల్, కేవలం ఒక విడిభాగం. కాబట్టి ఆ తమ్ముడికి చెప్పింది ఒకటే: నీ పిస్టల్‌తో వచ్చింది ముట్టుకోకు, ఇంకో మాడ్యూల్ కొనుక్కుని దాని మీద నేర్చుకో. పాడైతే పోయేది ఆ ఒక్క ముక్కే.

చేసేటప్పుడు గీత దాటకుండా మాస్కింగ్ టేపుతో హద్దు వేసుకోవాలి. వేడి తక్కువ పెట్టి, ఒక్కో చుక్కకీ ఒకే లోతు వచ్చేలా చూడాలి. గ్లాక్ పిడి వెనక భాగం లోపల బోలుగా ఉంటుంది, అక్కడ అతిగా నొక్కినా, ఉప్పుకాగితంతో అతిగా రుద్దినా కన్నం పడుతుంది. పాలిమర్ పొగ ఊపిరితిత్తులకి మంచిది కాదు. అపార్ట్‌మెంట్ వంటగదిలో కాకుండా గ్యారేజీ తలుపు ఎత్తి, మాస్కు వేసుకుని చేయండి. అయ్యాక మొనలు సన్న ఉప్పుకాగితంతో విరిచేయండి, లేకపోతే ఒంటికి ముళ్లలా గుచ్చుతాయి. కంపెనీ వారంటీ దెబ్బతినొచ్చని, అమ్మేటప్పుడు ధర పడిపోతుందని ముందే ఒప్పుకుని మొదలుపెట్టండి. చెయ్యకూడని పని ఇంకొకటి ఉంది. పిస్టల్ గొట్టం కింద ముందు వైపు నిటారుగా రెండో పిడి బిగించొద్దు. దానితో అది వేరే తరగతి ఆయుధం అయిపోతుందని, ముందుగా రిజిస్టర్ చేయించాలని తుపాకుల చట్టాలు చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ చెబుతుంది. అమెజాన్‌లో దొరికిందని బిగించుకుంటే పెద్ద కేసు అవుతుంది.

టేపైనా, ఐరనైనా మొదలుపెట్టే ముందు మ్యాగజైన్ తీయండి, స్లైడ్ లాగండి, ఛాంబర్‌లోకి (గొట్టం వెనక తూటా కూర్చునే చోట్లోకి) కళ్లతో చూడండి, చిటికెన వేలు పెట్టి చూడండి. తూటాలు వేరే గదిలో పెట్టి రండి. మ్యాగజైన్ తీశాక కూడా ఛాంబర్‌లో ఒకటి ఉండిపోవచ్చు. గ్లాక్ విప్పడానికి ట్రిగ్గర్ నొక్కాలి, అక్కడే చాలామందికి చేతిలో తుపాకీ పొరపాటున పేలింది. ఛాంబర్ ఖాళీ అని చూశాకే స్లైడ్ విప్పి, ఉత్త ఫ్రేమ్ మీదే పని చేయండి.

పని పూర్తయ్యాక నేరుగా నడుముకి పెట్టేసుకోకండి. హోల్‌స్టర్‌లో పూర్తిగా కూర్చుంటోందా చూడండి. గట్టి ప్లాస్టిక్ హోల్‌స్టర్లు చాలావరకు ట్రిగ్గర్ గార్డు ఆకారాన్ని పట్టుకుని నిలబడతాయి, అక్కడ మందం మారితే పట్టూ మారుతుంది. తర్వాత రేంజ్‌లో కనీసం వంద తూటాలు కాల్చండి. సగం తడి చేత్తో కాల్చండి, చెమట పట్టినప్పుడు ఎలా ఉంటుందో తెలియాలి కదా.

ఇంట్లో వాళ్ల సంగతి మరిచిపోకండి. అమ్మానాన్నలు బి-2 విజిటర్ వీసా మీద ఆరు నెలలు ఉండటానికి వస్తారు, నిషేధం వాళ్లకీ వర్తిస్తుంది. టేపు బంక పట్టాలని రాత్రంతా డైనింగ్ టేబుల్ మీద వదిలేస్తే పొద్దున్నే అమ్మ దాన్ని జరిపి టిఫిన్ ప్లేట్లు సర్దుతుంది. లోడ్ చేసిన తుపాకీ 17 ఏళ్ల లోపు పిల్లలకి అందేలా వదిలేయడం టెక్సస్‌లో నేరం కూడా. బంక ఆరేది లాక్ బాక్స్‌లోనే ఆరనివ్వండి. దాని తాళం నంబరు మీకు తప్ప ఎవరికీ తెలియకూడదు.

ఆ తమ్ముడు పక్కలకి రబ్బరు టేపు, ముందు వైపు ఇసుక టేపు వేసుకున్నాడు. రెండు నెలలు అలాగే తిరిగి చూడమన్నాను. అప్పటికీ జారుతోందంటే, కొన్న మాడ్యూల్ తీసుకుని మా గ్యారేజీకి రమ్మన్నాను. మొదటి వరస చుక్కలు నేను పెట్టి చూపిస్తాను.